రాగి వాషరు

ఆదివారం. మామిడి సీజను ముగిసి
ఫ్యాక్టరీ బాయిలరు చల్లబడిన వారం.
సర్వీసుకు ఆరు నూర్లు దండగెందుకని
అటక మీద నుంచి పానాల డబ్బా దించినాను.
మురకంబట్టులో మా సందు కొంచెం వాలు.
బండికి స్టాండు వేసి, ముందర టైరుకు
ఇటుక అడ్డం పెట్టినాను.
ఆ దినం నేను సరిగ్గా చేసిన పని
అదొక్కటే.

గుజ్జులో తీపిని అంకెల్లో కొలిచే ఉద్యోగం నాది.
పాయింట్ రెండు తేడా వస్తే
పీపా పీపానే వెనక్కి పంపిస్తాను.
ఆ చేతులే ఇవి.

చల్లటి ఇంజను. నూనె దిగలేదు,
జలుబు చేసిన ముక్కు మాదిరి కారింది.
వేడి చేసినాక కదా విప్పాల అని గుర్తొచ్చేసరికి
సగం లోపలే ఉంది,
సగం మునిలక్ష్మి దోసెపిండి బేసినులో ఉంది.
ఆ బేసిను గురించి మేము రెండు దినాలు మాట్లాడుకున్నాం.
ఇప్పుడు మాట్లాడుకోము.

ఖాళీగా ఉండలేక, అది కారేలోపల
చైను బిగించినాను తీగ మోగేంత.
ఎయిర్ ఫిల్టరు సబ్బుపెట్టి ఉతికి
పాప యూనిఫాం పక్కన దండెం మీద ఆరేసినాను.
అది కాగితమని దండేనికే ముందు తెలిసింది.

బోల్టు తుడిచి పెట్టి, కొత్త నూనె పోసినాను.
ఒక చుక్క.
తుడిచినాను. ఇరవై లెక్కపెట్టినాను.
ఇంకో చుక్క.
ఇంకొంచెం బిగిద్దామనుకున్నాను.
ఇంకొంచెం.
పానా పిడికి బోరింగు పైపు ముక్క తొడిగి
ఇంకొంచెం.
బోల్టు గట్టిబడింది, గట్టిబడింది,
ఉన్నట్టుండి మెత్తబడింది
వెన్నలోకి వేలు దిగినట్టు.
మర పోయింది.
అంత పని జరిగితే చప్పుడవుతుందనుకుంటాం.
ఎదురింట్లో కుక్కరు మూడో విజిల్ వేసింది, అంతే.

బోల్టుకు గుడ్డ చుట్టి
గ్రీమ్స్‌పేట దాకా తోసుకుంటా పోయినాను.
దారిలో నలుగురు అడిగినారు, పెట్రోలు అయిపోయిందా అని.
నలుగురికీ అవునన్నాను.
పెట్రోలు అయిపోవడం మర్యాదైన కష్టం.

ఏలుమలై బండి కింద పడుకొని
వేలితో తడిమి, వేలు వాసన చూసి,
"వాషర్ ఎంగే సార్?" అన్నాడు.
ఏ వాషరు?
"రాగిది, అర్ధరూపాయంత ఉంటాది.
అది లేకుంటే పలమనేరు అడివేనుగొచ్చి బిగించినా
కారతానే ఉంటాది."
వాషరు పన్నెండు రూపాయలు.
కొత్త మర వేసేదానికి పద్నాలుగు నూర్లు.
చైను వదులు చేసినందుకు డబ్బులు తీసుకోలేదు,
నవ్వినాడు, అంతే.

సందకాడ ఇల్లు చేరినప్పటికి
చార్విక వాకిట్లో కూర్చోనుంది.
బొటనవేలికి ఎర్రగా ఏదో మెరస్తా ఉంది.
"పొద్దున బేసిను గట్టుమీద దొరికింది నాయనా,
బంగారమేనా?"

కాదన్నాను. ఇయ్యమన్నాను.
రాలేదు. వేలు ఉబ్బింది.
పట్టుకొని లాగినాను, ఇంకొంచెం లాగినాను,
పాప ఏడ్చింది.
వంటింట్లోంచి మునిలక్ష్మి కొబ్బరినూనె తెచ్చి
నా చేతిని పక్కకు నెట్టింది.
"లాగేది కాదబ్బా. తిప్పేది."
రెండు చుక్కలు. నిదానంగా, అటూ ఇటూ.
వచ్చేసింది.

దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసినాను చాలాసేపు.
పద్నాలుగు నూర్ల పన్నెండు రూపాయలు.
మళ్లా పాపకే ఇచ్చేసినాను,
ఈసారి చిటికెన వేలికని మాట తీసుకొని.

బండి బాగానే పోతా ఉంది.
నా చొక్కా జేబులో మాత్రం
ఆ ఆదివారంది ఒక స్క్రూ ఉంది ఇంకా.
ఎక్కడిదో ఏలుమలైని అడగాల.
నాలుగు నెలలయింది. అడగలేదు.
గుంతలో పడినప్పుడల్లా
బండిలో ఏదో ఒకటి
నా పేరుతో కదిలినట్టు వినిపిస్తాది.